పదిహేను గింజల దూరం

వజ్రకూట రాజ్యానికి శత్రుభయం లేదు, కరువు లేదు, రాక్షసుల బెడద కూడా లేదు. అయినా ఆ రాజ్యంలో ఏ పనీ ముందుకు సాగడం లేదు. దానికి కారణం ఇద్దరు మనుషులు. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ అసలు పుట్టనే లేదు. వాళ్ళు గుడ్డ మీద బొమ్మలు గీసి చెప్పే పటం కథల్లోని వీరులు.

ఒకడు రెప్పపాటు రాయుడు. చూసేవాడు రెప్ప వేసి తెరిచేలోగా కత్తి దూసి, కొట్టి, మళ్ళీ ఒరలో పెట్టేస్తాడు. రెండోవాడు పొగ మల్లన్న. నడిస్తే చప్పుడు కాదు, పట్టుకోబోతే పొగై జారిపోతాడు. ఇద్దరూ రాజుల కోసం రహస్యంగా తిరిగే వేగులవాళ్ళే. ఇద్దరికీ పన్నెండేసి కథలున్నాయి. కానీ ఒక్క కథలోనైనా ఒకరికొకరు ఎదురుపడలేదు. ఎదురుపడితే ఎవరు గెలుస్తారన్నదే చిక్కు.

ఈ చిక్కు మీద కుమ్మరి సారె ఆపి మరీ వాదించేవాడు. సైన్యంలో కుడిపక్షం రాయుడిది, ఎడమపక్షం మల్లన్నది కావడంతో రెండూ కలిసి కవాతు చేయడం మానేశాయి. మల్లన్న పక్షపు వంటవాడు రాయుడి పక్షపు మంత్రికి కావాలనే ఉప్పులేని పప్పు వడ్డించాడని తెలిసిన రోజున విజయకేతు మహారాజుకు ఓపిక నశించింది. ఇద్దరినీ ఒకే పటంలో గీయించి, పున్నమినాడు కొలువులో కథ చెప్పించమన్నాడు. అందులో ఎవడు గెలిస్తే వాడే గెలిచినట్టని, ఆపైన నోరెత్తితే శిక్ష తప్పదని చాటింపు వేయించాడు.

ఆ పని చెంగల్వకూ, ఆమె అన్న కొమరన్నకూ వచ్చింది. చెల్లెలు బొమ్మలు గీస్తే, అన్న బెత్తంతో వాటిని చూపిస్తూ కథ చెబుతాడు. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరినీ పెంచింది అవ్వ. ఆ ఇంట్లో కూడా ఇదే గొడవ. చెంగల్వ పుట్టుబుద్ధిగా రాయుడి పక్షం, కొమరన్న మల్లన్న పక్షం. పటమంతా పూర్తయింది గానీ, ఎవరు గెలిచినట్టు గీయాలో తేలక చివరి గడి మాత్రం తెల్లగా మిగిలిపోయింది. కొలువులో ఏ మాట నోటికొస్తే అదే ముగింపు అనుకుందామని అన్నాచెల్లెళ్ళు ఒప్పందానికి వచ్చారు.

పటం గీసేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. గడులన్నీ నిండాకనే బొమ్మలకు కళ్ళు దిద్దాలి. కళ్ళు దిద్దిన బొమ్మకు ప్రాణం ఉన్నట్టే లెక్క, దాని కథను సగంలో వదలకూడదు. ఈ సంగతి చెంగల్వకు బాగా తెలుసు. తెలిసి కూడా, పున్నమినాడు పొద్దున్నే ఎవరూ చూడకుండా రాయుడికి మాత్రం రెండు కళ్ళూ దిద్దేసింది. ముందుగా చూసినవాడికే కదా మొదటి దెబ్బ అనుకుంది.

కొలువు కిక్కిరిసింది. కొమరన్న గొంతెత్తి కథ చెబుతూ చివరి గడి దగ్గరికి వచ్చి, బెత్తం ఆనించి, మల్లన్న పేరు ఎత్తాడో లేదో, పటం అతన్ని లోపలికి లాగేసుకుంది. బెత్తం నేలమీద పడింది. తెల్లని గడిలో కొమరన్న జానెడు బొమ్మగా నిలబడి ఉన్నాడు. అతని ఎదుట రాయుడు, దూసిన కత్తితో. మేలుకున్న వీరుడికి ఎదురు నిలవడానికి మేలుకున్న శత్రువు లేడు. అందుకని మల్లన్న తరఫున మాట్లాడినవాడినే పటం లాక్కుంది.

సభంతా నిర్ఘాంతపోయింది. చెంగల్వ మాత్రం దాచకుండా రాజు ముందుకు వచ్చి, తప్పు తనదేనని, కళ్ళు దొంగతనంగా దిద్దానని చెప్పేసింది. అవ్వ పటం దగ్గర కూర్చుని, కత్తి అంచుకూ కొమరన్న మెడకూ మధ్య బియ్యపు గింజలు పేర్చి చూసింది. పదిహేను పట్టాయి.

"పటంలో రెప్పపాటంటే మనకు పదిహేను రోజులే తల్లీ. రోజుకొక గింజ తగ్గుతుంది. ఈ పటం మీద ఇక మామూలు రంగు నిలవదు. మొదటి పటం కథ ఏ దీపం వెలుగులో చెప్పారో ఆ దీపం కాటుక కొండ మీద ఇంకా వెలుగుతోందంటారు. దాని మసి అయితే నిలుస్తుంది" అంది అవ్వ.

చెంగల్వ కుంచె కొంగున ముడివేసుకుంది. ఆ మసితో రాయుడి బొమ్మ మొత్తం నల్లగా పూసేయాలని నిశ్చయించుకుంది. పసితనం నుంచి ప్రాణంగా చూసుకున్న బొమ్మ అది. అయినా అన్న కంటే ఎక్కువ కాదు కదా.

మూడోరోజుకు అడవిలో ఒక ముని ఆశ్రమం చేరింది. దారి అడిగితే, ముని గడ్డం సవరించుకుని, రాయుడికి కత్తి లేకపోతే ఏముందమ్మా అన్నాడు. అంతే, చెంగల్వకు ఒళ్ళు మండింది. రాయుడు ఉత్త చేతులతో పులిని ఆపిన ఏడో కథ ఎత్తుకుంది. ముని మల్లన్న పదో కథ అందుకున్నాడు. అలా మాటకు మాట పెరిగి, తలెత్తి చూసేసరికి పొద్దు కుంకుతోంది. ఒక గింజ దూరం ఉత్తపుణ్యానికి పోయింది. చెంగల్వ తల బాదుకుని, ఇక ఈ జన్మలో ఎవరితోనూ వాదించనని ఒట్టు పెట్టుకుని, దారి తెలుసుకుని కదిలింది.

ఆరోరోజున నది అడ్డు వచ్చింది. పడవ లేదు. గట్టున ఒక ముసలి మొసలి ఎండ కాగుతోంది. అది రాయుడి పక్షం. నది దాటించమంటే ఒక షరతు పెట్టింది.

"ఈ నదిలో అందరూ నా పక్షమే. వందేళ్ళుగా ఎదురు చెప్పేవాళ్ళు లేక నోరు చచ్చిపోయింది. నువ్వు మల్లన్న తరఫున మాట్లాడు. గట్టిగా మాట్లాడితేనే అవతలి గట్టు. లేదంటే నడి నదిలో మునుగుతాను."

చెంగల్వ ఒట్టు నీళ్ళపాలైంది. పైగా తాను ఎన్నడూ మెచ్చని వీరుడి తరఫున మాట్లాడాలి. మొసలి వీపు మీద కూర్చుని, గుర్తున్నంత వరకు అన్న మాటలే అప్పజెప్పడం మొదలుపెట్టింది. మల్లన్న ఎప్పుడూ పారిపోతాడు, వాడూ ఒక వీరుడేనా అని మొసలి ఎద్దేవా చేసింది. ఇంట్లో తాను రోజూ అనే మాటే అది. దానికి అన్న ఏం చెప్పేవాడో నది నడుమ గుర్తొచ్చింది.

"మల్లన్న పన్నెండు కథల్లో ఒక్క పోరులోనూ గెలవలేదు, నిజమే. కానీ ఒక్క కథలోనూ ఒంటరిగా పారిపోలేదు. ప్రతిసారీ ఎవరినో ఒకరిని చంకనెత్తుకునే పోయాడు."

అన్న ఈ మాట వందసార్లు చెప్పాడు, తాను ఒక్కసారీ సరిగ్గా వినలేదు. మొసలి ఆమెను అవతలి గట్టున దించి, తిరిగి వచ్చేటప్పుడు కేకేస్తే చాలు, షరతులేమీ లేవంది.

ఎనిమిదోరోజు మధ్యాహ్నానికి కాటుక కొండ ఎక్కింది. శిఖరాన రాతి దీపం వెలుగుతోంది. దాని ముందు ధూమకంటకుడనే రాక్షసుడు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"రాయుడన్నవాళ్ళను తిన్నాను, మల్లన్న అన్నవాళ్ళను తిన్నాను. ఇద్దరూ సమానమే అన్నవాళ్ళను ఇంకా ముందు తిన్నాను, వాళ్ళకు ఇద్దరి కథలూ రావు. నువ్వు చెప్పు, ఎవరు గెలుస్తారు?" అన్నాడు.

చెంగల్వ చూపు దించలేదు.

"నిన్నమొన్నటి దాకా రాయుడే అనేదాన్ని. ఇప్పుడు మా అన్న ఆ కత్తి కింద ఉన్నాడు. రాయుడు ఓడిపోవాలని కోరుకుంటున్నాను. ఇలాంటిదాన్ని తీర్పు చెప్పడానికి పనికిరాను. నీకు ఆకలైతే నన్ను తిను, కాదనను. ముందు మసి ఇవ్వు. అన్నను బయటికి తెచ్చి నేనే తిరిగి వస్తాను."

రాక్షసుడు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇక్కడికి అందరూ వాదం గెలవడానికే వచ్చారు. మనిషి కోసం వచ్చింది నువ్వే" అని, దీపం మీది మసిని గోటితో గీరి ఆమె అరచేతిలో వేశాడు. "ఇంతే ఉంది. నిన్ను తినను గానీ, ఆ కథ ఎలా ముగిసిందో వచ్చి చెప్పాలి."

ఆ మసి రెండు చుక్కలకు మించి రాదు. రాయుడి బొమ్మ మొత్తం పూయడం జరిగే పని కాదు. చెంగల్వ మాత్రం నిలబడి ఏడవలేదు. పిడికిలి బిగించుకుని కొండ దిగింది. అడవిలో ముళ్ళు గీరినా, అరికాళ్ళు పగిలినా ఆగలేదు. ముని పలకరిస్తే దండం పెట్టి పరుగు తీసింది.

పదిహేనోరోజు సాయంత్రం కొలువులో అడుగుపెట్టేసరికి కత్తికీ మెడకూ మధ్య ఒక్క గింజ కూడా పట్టడం లేదు. అవ్వ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చెంగల్వ మసిని తుమ్మబంకతో నూరింది. రెండే చుక్కలు. ఆ చుక్కలతో రాయుడి కళ్ళు కప్పేస్తే కత్తి ఆగుతుంది, కానీ అన్న ఎప్పటికీ బొమ్మగానే ఉండిపోతాడు. మరి అన్నను బయటికి తెచ్చేది ఎవరు? ఆమె కుంచె, ఇంకా కళ్ళు దిద్దకుండా పటం మూలన మిగిలిన మల్లన్న వైపు తిరిగింది. జీవితమంతా వెక్కిరించిన వీరుణ్ణి నమ్మడం తేలిక కాదు. అయినా నమ్మింది. కుడి కన్ను దిద్దింది, ఎడమ కన్ను దిద్దింది.

పటం నుంచి గుప్పున పొగ లేచింది. ఎవరికీ ఎవరూ కనబడలేదు. పొగ విడిపోయేసరికి కొమరన్న నేలమీద దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. చివరి గడి నిండిపోయింది. ఒక పక్క రాయుడు, కత్తి ఒరలో పెట్టి తల కాస్త వంచాడు. మరో పక్క మల్లన్న, ఉత్త చేతులతో నవ్వుతున్నాడు.

చెంగల్వ అన్నను కావలించుకుని బావురుమంది. కొమరన్నే ఊపిరి కూడదీసుకుని మెల్లగా అన్నాడు.

"చెల్లీ, ఇన్నాళ్ళూ నేనే పొరబడ్డాను. ఆ కత్తిని అంత దగ్గర్నుంచి చూశాక చెబుతున్నా, రాయుణ్ణి ఎవరూ గెలవలేరు."

"అదేంటన్నా, మల్లన్న గెలిచాడుగా. నిన్ను తెచ్చి నా చేతికిచ్చాడు."

"తప్పించుకోవడం గెలవడమవుతుందా?"

"నిన్ను వదిలేసి తప్పించుకున్నాడా?"

అవ్వ ఏడుస్తూనే నవ్వింది. సభలో కూడా గొడవ మొదలైంది. విజయకేతు మహారాజు పటాన్నీ, ఆ అన్నాచెల్లెళ్ళనూ చూసి, శిక్ష సంగతి ఇక ఎత్తలేదు. పగటి పని ముగించినవాళ్ళు సాయంత్రం ఎంతైనా వాదించుకోవచ్చని, మొదటి వాదం తనదేనని ప్రకటించాడు. సైన్యం మళ్ళీ కలిసి కవాతు చేసింది, మంత్రి పప్పులో ఉప్పు పడింది. చెంగల్వ రాజాస్థానంలో చిత్రకారిణి అయింది.

నెల తిరక్కుండానే అన్నాచెల్లెళ్ళు ఆ పటం భుజాన వేసుకుని కాటుక కొండకు బయలుదేరారు, రాక్షసుడికి చెంగల్వ మాటిచ్చింది మరి. అతను కథంతా నోరు తెరుచుకుని విని, చివరికి మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. కొమరన్న రాయుడన్నాడు, చెంగల్వ మల్లన్న అంది, రెండూ ఒకేసారి. రాక్షసుడు ఇద్దరికీ తేనె పెట్టి పంపాడు. వాళ్ళు ఇల్లు చేరేదాకా దారి పొడవునా వాదించుకుంటూనే వచ్చారు, నదిలో మొసలి కూడా ఒక మాట కలిపింది.