డి గ్రేడు వాళ్ళ కిటికీ

“ఎక్స్‌క్యూజ్ మీ, ఆ సీట్లోంచి లేవండి.”

“ఎందుకు?”

“అది మీది కాదు.”

“పేరు రాసుందా?”

2007 జూలైలో, గుర్గావ్‌లోని మా ఆఫీసు ఐదో అంతస్తులో, నేనూ రెబ్కా ఇంగ్లీషులో ఇలా పోట్లాడుకున్నాం. బయట ఆ ఏడాది మొదటి వాన. ఆమెకి ఉద్యోగంలో మొదటి రోజు. నేను అప్పటికి రెండేళ్ళ సీనియర్‌ని, అంటే ఎవరినైనా లేపే హక్కు నాకుందని గట్టిగా నమ్మే రోజులు.

ఆమె లేవలేదు. కిటికీ అద్దం వైపు తిరిగి, నాకు అర్థం కాదనుకుని, “ఏం మనిషిరా దేవుడా!” అంది. తెలుగులో!

“కాకినాడ మనిషండీ,” అన్నాను.

అప్పుడు చూడాలి ఆ మొహం. నాలిక్కరుచుకుని, చప్పున లేచి, లేచినందుకు మళ్ళీ కోపం తెచ్చుకుని, “ఈ సీటు కావాలంటే ఏం చెయ్యాలి?” అంది.

“టీమ్ మొత్తంలో పనికిమాలినవాళ్ళు అనిపించుకోవాలి.”

“సచ్చీ?”

“నిజంగానే.”

అబద్ధం కాదు. ఆరు నెలలకోసారి, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, ప్రతి టీమూ ఎవరో ఒకరికి డి గ్రేడు ఇచ్చి తీరాలని మా కంపెనీ రూలు. అందరూ బాగా పనిచేసినా సరే, ఒకరు అడుగున ఉండాల్సిందే. డి వచ్చినవాళ్ళకి ఆ విడత ఇంక్రిమెంట్ ఉండదు, ఏడాదిపాటు ప్రమోషన్‌కి అప్లై చెయ్యకూడదు. మా టీమ్‌లో ఏడుగురం ఇన్సూరెన్స్ క్లెయిముల కాగితాలు చూసేవాళ్ళం. మా మేనేజర్ రాజగోపాల్ సార్‌కి ఎవరినీ తక్కువ చెయ్యడానికి మనసొప్పేది కాదు. అందుకని ఆయన డి గ్రేడుకి వంతులు పెట్టేశారు. మా ఢిల్లీ మాటలో బారీ. ఏడు పేర్లు వరసగా రాసిన కాగితం స్టేషనరీ బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉండేది. ఎవరి బారీ వస్తే వాళ్ళు నోరెత్తకుండా డి తీసుకోవాలి. దానికి బదులుగా ఆ ఆర్నెల్లూ కిటికీ పక్క సీటు వాళ్ళది.

“అంటే మీరంతా కలిసి కంపెనీని మోసం చేస్తున్నారు,” అంది రెబ్కా.

“మోసం కాదండీ, సర్దుబాటు.”

“అచ్ఛా!” అని నవ్వింది. పోట్లాటలో ఓడిపోయింది నేనేనని ఆ నవ్వు చూశాకగానీ తెలియలేదు.

* * *

ఇద్దరం ఉండేది ఢిల్లీలో, మునీర్కాలోనే. ఆఫీసు క్యాబ్‌లో రోజూ పక్కపక్కనే. రెబ్కా వాళ్ళమ్మది గుంటూరు. ఢిల్లీలో పెద్దాసుపత్రిలో నర్సు. నాన్న రాజరత్నం గారు రెబ్కా పదో క్లాసులో ఉండగా పోయారు. ఇంట్లో తెలుగే అయినా, ఈవిడగారి తెలుగులో సగం హిందీ కలిసేది.

“నాకు భూక్ వేస్తోంది,” అనేది.

“ఆకలి.”

“అదే. ఆకలి వేసి భూక్ అయ్యింది.”

రెండో వానాకాలం వచ్చేసరికి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. నా డబ్బాలో పెరుగన్నం లేని రోజున ఆమె క్యాంటీన్‌కి వెళ్ళి పెరుగు కప్పు తెచ్చి నా ముందు పెట్టేది. “నువ్వు దహీ లేకుండా లేవవు కదా, ఆంధ్రా బాబూ!” అని వెక్కిరించేది. ఐలవ్యూలూ గులాబీలూ ఏమీ లేవు మా మధ్య. ఆ పెరుగు కప్పే ఉండేది. నాకది చాలు.

ఒకరోజు క్యాబ్‌లో అన్నాను. “టీమ్ లీడ్ అయ్యాక మీ మమ్మీని కలుస్తాను.”

“ఎందుకో?”

“అడగాల్సింది ఒకటుంది.”

“లీడ్ అవ్వకుండా అడగలేవా?”

“ఏ హోదా లేకుండా, ఉత్త క్రాంతిగా వస్తే ఏం బావుంటుంది?”

“నాకైతే ఉత్త క్రాంతే ఠీక్ హై,” అని కిటికీలోంచి బయటికి చూసింది. నేను ఆ మాట పట్టుకుని ఆ ఆదివారమే వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు.

2008 సెప్టెంబరులో బీరువా తలుపు తీస్తే నా పేరు! సరిగ్గా అప్పుడే, జనవరిలో టీమ్ లీడ్ ఇంటర్వ్యూలున్నాయని చెప్పారు. డి తీసుకుంటే నేను అప్లై చెయ్యలేను. ఆ మధ్యాహ్నమంతా మొహం వేలాడేసుకుని కూర్చున్నాను.

రెబ్కా వచ్చి బీరువా తలుపు తీసింది, పెన్ను తీసింది. నా పేరు కొట్టేసి తన పేరు రాసింది. మార్చి దగ్గర తన పేరు కొట్టేసి నాది రాసింది.

“ఏయ్! ఏం చేస్తున్నావ్?”

“నీ బారీ నాది, నా బారీ నీది. నాకు కిటికీ చాహియే. మొదటిరోజు లేపేశావు కదా, బద్లా తీర్చుకుంటున్నా.”

“రెబ్కా, ఒద్దు.”

“మార్చిలో గుర్తుంచుకో, అంతే. మమ్మీకి అప్పటిదాకా ఆదివారాలు డ్యూటీ, నిన్ను నవంబరులో మూడో ఆదివారం భోజనానికి రమ్మంది. చర్చ్ అయ్యాక. గోంగూర చికెన్.”

రాజగోపాల్ సార్ ఒప్పుకున్నారు. రెబ్కా తన మగ్గూ, మనీప్లాంట్ ఉన్న చిన్న సీసా తీసుకుని కిటికీ పక్కకి మారింది. పనిలో మా అందరికంటే చురుకైంది ఆ పిల్ల. అడుగు గ్రేడు ఆ పిల్లకి రాసి, మేమంతా ఛోలే భటూరే తిని పండగ చేసుకున్నాం.

* * *

నవంబరులో అమెరికా మాంద్యం దెబ్బ మా దాకా వచ్చింది. పెద్ద క్లయింట్ పోయాడు. పైనుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. పోయిన విడతలో డి వచ్చినవాళ్ళందరినీ శుక్రవారానికల్లా పంపించెయ్యాలి.

గురువారం పొద్దున రాజగోపాల్ సార్ రెబ్కాని ఏవో ఫైళ్ళ కోసం మూడో అంతస్తుకి పంపి, మిగిలిన ఆరుగురినీ మీటింగ్ రూమ్‌లోకి పిలిచారు. ఆ వాక్యం చదివి వినిపించారు.

“సార్, హెచ్.ఆర్.కి చెబుదాం. అది నిజం గ్రేడు కాదని చెబుదాం,” అన్నాను.

“దేఖ్ భాయ్,” అన్నాడు దశరథ్. మా అందరిలో పాతవాడు, రోహ్తక్ మనిషి. “అది నిజం కాదంటే మన గ్రేడులేవీ నిజం కాదు. మూడేళ్ళ రికార్డులు తవ్వుతారు. ముందు సార్ పోతారు. తర్వాత అందరం పోతాం.”

వైశాలి కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆమెకి అయిదో నెల.

రాజగోపాల్ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నేను ఒక్కణ్ణీ నిర్ణయించలేను. చెబుదాం అనేవాళ్ళు చెయ్యెత్తండి. ఒక్కరెత్తినా నేను ఇప్పుడే వెళ్ళి చెబుతాను.”

నా కుడి చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని ఎత్తాలి, అంతే. దశరథ్ బూట్ల వంక చూస్తున్నాడు. వైశాలి నన్నే చూస్తోంది. జనవరి ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. వీళ్ళందరి ఉద్యోగాలూ నా ఒక్కడి చెయ్యి వల్ల పోతాయా అనుకున్నాను. ఇంకెవరైనా ముందు ఎత్తితే నేనూ ఎత్తుదాం అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సరిగ్గా అలాగే అనుకున్నాను.

ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా రెబ్కా కార్డు తీసేసుకున్నారు. ఆమె సామానున్న అట్టపెట్టె పట్టుకుని నేను గేటు దాకా వచ్చాను. ఆమె మనీప్లాంట్ సీసా పట్టుకుంది. ఏడవలేదు.

“వైశాలి చెప్పింది, ఓటు పెట్టారంట,” అంది.

“ఊఁ.”

“ఎవరెత్తారు?”

“ఎవరూ ఎత్తలేదు.”

“నువ్వు?”

నేను పెట్టె వంక చూశాను.

“నౌకరీ పోతే ఇంకోటి వస్తుంది క్రాంతీ. ఈ డి నేను నీ కోసం తీసుకున్నా. దాని కోసం నువ్వొక చెయ్యి ఎత్తలేవా?”

“రెబ్కా, నేను...”

“ఎల్లుండి ఆదివారం రానక్కర్లేదు. మమ్మీకి నేను చెప్పేస్తాను.”

ఆటో ఎక్కింది. పెట్టె నేనే లోపల పెట్టాను. ఆదివారం నేను వెళ్ళలేదు. రావద్దంది కదా అని నాకు నేనే చెప్పుకుని, గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

సోమవారం వైశాలి నా దగ్గరికి వచ్చి, “నువ్వెత్తుతావని చూశాను క్రాంతీ. నువ్వెత్తితే నేనూ ఎత్తేదాన్ని,” అంది. ఆ సాయంత్రం క్యాబ్ దగ్గర దశరథ్ కూడా అదే మాటన్నాడు. ఇంకో ఇద్దరూ అన్నారు. ఛీ, మా బతుకులు! అందరం మంచివాళ్ళమే, ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ కూర్చున్నాం. జనవరి ఇంటర్వ్యూలు కూడా రద్దు చేశారు.

* * *

మార్చి వచ్చింది. డి అంటే ఇక గేటు బయటికేనని ఇప్పుడు అందరికీ తెలుసు. అదే మీటింగ్ రూమ్. బారీల సంగతి ఎవరూ ఎత్తలేదు.

“ఈసారి నేనే ఎవరిదో ఒకరి పేరు రాయాలి,” అన్నారు రాజగోపాల్ సార్.

నేను చెయ్యెత్తాను.

“నా బారీ సార్. కాగితం మీద రాసుంది.”

“పాగల్ హై క్యా?” అన్నాడు దశరథ్.

“రెబ్కా చేత్తో రాసింది. పోయి చూసుకో.”

ఎవరూ లేవలేదు. వారం తర్వాత నా కార్డు కూడా తీసుకున్నారు. ఆ ఆదివారం, చర్చ్ అయ్యే వేళకి, మునీర్కాలో రెబ్కా వాళ్ళ ఇంటి మెట్లెక్కాను. ఉత్త క్రాంతిగానే.

తలుపు రెబ్కాయే తీసింది. వెనకాల హాల్లో రెండు సూట్‌కేసులు, తాళ్ళు కట్టి ఉన్నాయి.

“చెయ్యెత్తాను రెబ్కా,” అన్నాను. ఇంకేమీ రాలేదు నోట్లోంచి.

ఆమెకి వెంటనే అర్థమైంది. “ఇప్పుడా? నాకోసం ఎత్తాల్సినప్పుడు ఎత్తలేదు. ఇప్పుడు నీ ఒక్కడి కోసం ఎత్తావా, పాగల్?”

“నువ్వంటే నాకు ప్రాణం. ఆ మాట గేటు దగ్గరే చెప్పాల్సింది.”

“చెప్పాల్సింది.” కళ్ళు తుడుచుకుంది. “హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. మంగళవారం ట్రైన్. నిన్ను చూస్తే ఆ రూమ్, మీ ఆరుగురూ కనిపిస్తారు క్రాంతీ. ఎంత ట్రై చేసినా పోవట్లేదు. నేనేం చెయ్యను?” అని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

నేను మెట్ల వైపు తిరిగాను. వంటింట్లోంచి వాళ్ళమ్మగారు వచ్చారు. “భోజనాల వేళ అట్టా వెళ్తావేంటి బాబూ? కూర్చో,” అన్నారు. గుంటూరు ఆజ్ఞ అది, కాదనే దమ్ము నాకు లేదు.

కంచంలో అన్నం, గోంగూర చికెన్.

“నవంబరులో కూడా ఇదే చేశాను. ఐఎన్ఏ మార్కెట్‌కి పోయి గోంగూర తెచ్చింది అది. మూడింటి దాకా నీ కోసం చూశాం.”

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “నన్ను రావద్దందండీ. మీకు చెప్పేస్తానంది.”

“చెప్పలేదే. వస్తాడు మమ్మీ, తప్పకుండా వస్తాడు అంటానే ఉంది. మెట్ల మీద అడుగు వినబడితే చాలు, తలుపు తీసేది. ఆ రోజు అన్నం తినలేదు పిల్ల.”

నాకు ఏడుపాగలేదు. కంచం ముందు కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ నీళ్ళ గ్లాసు నా దగ్గరికి జరిపారు. కూర అయిపోయాక లేవబోయాను.

లోపలి గదిలోంచి, మూసిన తలుపు వెనకనుంచి రెబ్కా గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

“మమ్మీ, పెరుగు వెయ్యి. దహీ లేకుండా లేవడు.”

మళ్ళీ కూర్చున్నాను.