ఐదో ఎందుకు

సోమవారం పొద్దున్నే అమ్మ నాన్నకి గ్లాసులో సగం టీ పోసింది. అది తాగాక మళ్ళీ సగం పోసింది.

"ఒకే పని రెండుసార్లు ఎందుకమ్మా? ఒకేసారి నిండా పోస్తే పోదూ?" అంది కూతురు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నాన్న గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

ఆ ఇంటి ముందుగదే వాళ్ళ కర్టెన్ల దుకాణం. నాన్న ఇల్లిల్లూ తిరిగి కిటికీలు కొలుస్తాడు, అమ్మ గుడ్డ కత్తిరిస్తుంది, పిన్ని కుడుతుంది. ముప్పై ఏళ్ళు అరుపులతో, సుద్దముక్కతో నడిచిన దుకాణం. మేనేజ్‌మెంట్ చదివొచ్చిన కూతురు ఏడాది కిందట దాన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కించి, గోడకి ఒక తెర తగిలించింది. కొలతలిప్పుడు నాన్న ఫోన్లోనే నొక్కాలి. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఆ తెరమీద గళ్ళుగళ్ళుగా కనబడుతుంది. సవ్యంగా జరిగితే పచ్చ, ఆలస్యమైతే పసుపు, తప్పయితే ఎరుపు. మూడు ఎరుపులు పడితే ఆ మనిషిని ఆ పనిలోంచి తప్పించాలి. రూలు కూతురిదే. పిన్ని ఆమెకి 'మేనేజరమ్మ' అని పేరు పెట్టింది. మొదట ముద్దుగా పిలిచేది, ఇప్పుడు ముద్దు పోయి పేరే మిగిలింది.

ఆ పొద్దున నాన్న పేరు పక్కన మూడో ఎరుపు పడింది.

కంటి ఆసుపత్రికి పంపిన ఇరవై రెండు కర్టెన్లూ మూడంగుళాలు పొట్టి. చీకటిగా ఉండాల్సిన గదుల్లోకి కిందనుంచి వెలుతురు జొరబడుతోందని వాళ్ళు ఫోటో పంపారు.

"అందరూ కూర్చోండి," అంది మేనేజరమ్మ. "నేనెవర్నీ తిట్టను. ఎందుకు, ఎందుకని ఐదుసార్లు అడిగితే అసలు కారణం అదే బయటికొస్తుంది. మొదటిది. కర్టెన్లు ఎందుకు పొట్టివయ్యాయి?"

"నీ ఫోన్లో ఎంతుంటే అంతే కత్తిరించా. ఎనభై నాలుగు," అంది అమ్మ.

"ఎనభై ఏడు ఉండాలి. ఎనభై నాలుగు ఎందుకు పడింది నాన్నా?"

"తప్పు నొక్కానమ్మా."

"ఎందుకు?"

"ఫోన్లో ఏడు మీదే కదా నాలుగుండేది. వేలు జారింది. ఒకటే సైజు కదాని అన్నిటికీ అదే పెట్టేశా."

"వేలు ఎందుకు జారింది?"

నాన్న కిటికీకేసి చూశాడు. మిషను తొక్కుతున్న పిన్ని కాలు ఆగిపోయింది.

"నోరు విప్పవేం నాన్నా? ఇలాగైతే కొలతలకి ఇంకెవర్నైనా పెట్టుకోవాలి. నాకేమైనా సరదానా?"

"పెట్టుకో," అన్నాడాయన. నడుముకి తగిలించుకున్న ఇనుప టేపు తీసి బల్లమీద పెట్టబోయాడు. టేపు కొస బల్ల అంచుకి టకటకమని కొట్టుకుంది. ఎంతకీ ఆగలేదు.

అమ్మ లేచొచ్చి ఆ చేతిని రెండు చేతులతో అదిమిపట్టుకుంది.

"దీనికి జవాబు నేను చెప్తా విను. ఆర్నెల్లుగా మీ నాన్న చెయ్యి ఇలా వణుకుతోంది. ఇది తగ్గేది కాదన్నాడు డాక్టరు. నిండా పోస్తే ఒంటిమీద ఒలుకుతుందనే సగం సగం పోస్తున్నా. దానికీ వంక పెట్టావు! ఇదివరకు కొలిచే చోటునుంచే ఫోన్ చేసి కొలత చెప్పేవాడు, నేను తిరిగి అప్పజెప్పేదాన్ని. చెప్పిందే చెప్పుకోవడం దండగన్నావు. ఆ ఫోన్ మాన్పించింది నువ్వు కాదూ?"

కూతురు తెరకేసి తిరిగింది. గోడమీద నాన్న పేరు రోజుకి పదిసార్లు చూసింది. అదే ఇంట్లో తిరిగే నాన్న చేతిని ఒక్కసారీ చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. అది ఐదో 'ఎందుకు' అని అడిగాక గుర్తొచ్చింది.

"ఎక్కడ చెప్పను తల్లీ?" అన్నాడు నాన్న. "చెయ్యి వణుకుతోందని రాసుకోవడానికి ఆ తెరమీద గడి ఏదీ? చెప్తే టేపు లాక్కుంటావని భయమేసింది. అది లేకపోతే పొద్దున్నే లేచి నేనెక్కడికి పోను?"

తప్పుకి రంగు పూసి గోడకెక్కించే చోట తప్పులు తగ్గవు, మనుషులు దాక్కుంటారు. ఆమె చదివిన లావుపాటి పుస్తకాల్లో ఈ ముక్క కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. పరీక్షకి రాదని వదిలేసి ఉంటుంది.

"అంచు అతికిస్తే సరిపోతుంది, ఆసుపత్రికెళ్ళి మళ్ళీ కొలుచుకురా బావా," అంది పిన్ని. "మేనేజరమ్మా, అంచుకి ఏ రంగు వెయ్యను? ఎరుపు మాత్రం వద్దు తల్లీ."

కూతురు టేపు తీసి తనే నాన్న నడుముకి తగిలించింది.

"నేనూ రానా నాన్నా?"

"వద్దమ్మా. కొలవడం నాకొచ్చు. నొక్కడమే రాదు. నువ్వు ఫోన్ దగ్గరుండు."

గంట తర్వాత ఫోన్ మోగింది. కత్తెర చేతిలో ఉందని అమ్మ తియ్యలేదు. ఆ కత్తెరతో ఏమీ కత్తిరించడమూ లేదు.

"రాసుకో తల్లీ. మొదటి కిటికీ, ఎనభై ఏడు."

"మొదటిది, ఎనభై ఏడు," అని కూతురు తిరిగి చెప్పింది.

"రెండోది..."

అవతల టేపు కొస గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. నాన్న ఆగాడు, ఊపిరి బిగబట్టాడు, మళ్ళీ పట్టుకున్నాడు. ఆమె కళ్ళముందు కాగితం అలుక్కుపోయింది.

"ఎనభై ఏడు. విన్నావా అమ్మా?"

"విన్నాను నాన్నా," అంది. "ఇంకోసారి చెప్పు."