గడ్డి తినని గుర్రం

శత్రువు ముహూర్తం పెట్టేశాడు. ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మెరైన్ ఇంజనీరు సుందరరావు చనిపోవాలి.

ఆ సంగతి నరసింగరావుకి శనివారం మధ్యాహ్నం చీపురుపల్లి స్టేషన్లో తెలిసింది. నరసింగరావు అన్నది ఉద్యోగం ఇచ్చిన పేరు. నిఘంటువు కోసం పనివాళ్ల మాటలు సేకరించే మాస్టారి వేషం కూడా ఉద్యోగం ఇచ్చిందే. మూడేళ్లుగా విజయనగరం లాడ్జిలో ఒక్కడే ఉంటున్నాడు. సముద్రం మీద నుంచి పనిచేసే ఓ విదేశీ ముఠాని కనిపెట్టి ఉండటం అతని డ్యూటీ. మిగతా టైమంతా మాటలే తోడు. తుపాకి అన్న మాట తురకల నోటి నుంచి వచ్చిందనీ, మ్యాగజీన్ అంటే అరబ్బుల దగ్గర గిడ్డంగి అనీ తెలుసుకుని సంబరపడేవాడు. చెప్పుకోవడానికి మనిషి ఉండేది కాదు.

ఒక్క దేవమణి తప్ప. పౌడర్లూ సెంట్లూ అమ్మే కంపెనీ సేల్స్‌గర్ల్. నైలాన్ చీర, నల్ల కళ్లద్దాలు. ముఠాకి తెలుగు ఉత్తరాలు రాసిపెట్టేది ఆమే, ఆ రాతల నకలు అతనికి అందించేదీ ఆమే. నెలకోసారి కలిసినప్పుడు ఏదో ఒక మాటకి అర్థం అడిగేది.

"కంట్రోల్ అంటే ఏమిటి మాస్టారూ?"

"ఫ్రెంచి మాట. ఒకడు రాసిన చిట్టాని సరిచూడటానికి పక్కన ఉంచుకునే రెండో చిట్టా."

"అయితే నడిపించేవాడు కాదన్నమాట. నమ్మనివాడు."

ఆ మాటకి అతను వారం రోజులు నవ్వుకున్నాడు.

ఈసారి ఆమె అర్థాలు అడగలేదు. ఎవరో వెంట ఉన్నట్టు అద్దాలు కాస్త దించి కళ్లతోనే సైగ చేసి, సెంటు సీసా చుట్టిన కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అందులో రెండు లైన్లు: "ఆదివారం పదకొండు. సుందరరావు. గుర్రం నిలబెట్టాం, పగ్గం దొరగారి చేతికే."

వెంటనే వాల్తేరు కంట్రోల్ రూమ్‌కి ట్రంకాల్ చేశాడు. పై అధికారి మేజర్ నారాయణమూర్తి లైన్లోకి వచ్చాడు.

"గుర్రమా? అంటే జట్కా. బాంబు పెట్టి ఉంటారు. ప్రతి జట్కా స్టాండులోనూ మనవాళ్లని పెడతాను."

"ఇంజనీరుని ఆపలేమా సార్?"

"రైల్లో ఉన్నాడు. ఏ స్టేషన్లో దిగుతాడో చెప్పకుండా బయల్దేరాడు. సెక్యూరిటీ కోసం."

ఆదివారం పదిన్నరకి నరసింగరావు చీపురుపల్లిలో తుపాకులు బాగుచేసే జోగయ్య కొట్టు ముందు నిలబడ్డాడు. రాత్రంతా గుర్రం, పగ్గం అన్న రెండు మాటలూ అతన్ని నిద్రపోనివ్వలేదు.

"జోగయ్యా, మీ పనిలో గుర్రం అన్న మాట ఉందా?"

"ఉన్నాది బాబూ. అయితే మా గుర్రం గడ్డి తినదు." జోగయ్య ఓ నాటు తుపాకి తీసి, మందు అంటించే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాడు. "సూడు, నిలబడ్డాది. మీట కదిపితే దూకుతాది."

"మరి పగ్గం?"

"అడివి పందికి తుపాకి కడతాం కదా. మీటకి తాడు కట్టి దారికడ్డంగా ఒగ్గేస్తాం. అదే పగ్గం. దాని సావు అదే లాక్కుంటాది."

నరసింగరావు కాగితం మళ్లీ విప్పాడు. దొరగారంటే సుందరరావే. పగ్గం దొరగారి చేతికే.

అప్పుడే మైకు కట్టిన రిక్షా ఒకటి వీధిలోంచి పోతోంది. పొలిమేర చర్చిలో కొత్త గంట ప్రతిష్ఠ. పదకొండు గంటలకు గంట మోగించేది ఈ ఊరి బిడ్డ, ఇంజనీరు సుందరరావు గారు.

"జోగయ్యా, నీ సైకిలు కావాలి."

"టైర్లో గాలి లేదు బాబూ."

గాలి కొట్టించేసరికి పావుగంట. దారిలో చైను రెండుసార్లు ఊడింది. చర్చి చేరేసరికి పాట ఆఖరి చరణంలో ఉంది. గోపురం కింద సుందరరావు తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, నవ్వుతూ తాడు అందుకున్నాడు. ముందు వరసలో దేవమణి. ఆమె పక్కనే మెడలో కెమెరా వేసుకున్న మనిషి.

నరసింగరావు జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. తాడు బిగుసుకుంటున్న క్షణంలో ఇంజనీరు రెండు చేతుల్నీ వెనకనుంచి పట్టి పైకెత్తేశాడు.

"లాగకండి."

పాట ఆగిపోయింది. కెమెరా మనిషి గుమ్మం వైపు దూకాడు. దేవమణి కాలు అడ్డం పెట్టింది. మిగతా పని ఊరివాళ్లు చూసుకున్నారు.

నిచ్చెన ఎక్కి చూస్తే గంట పక్కన తుపాకి, గొట్టం నేలకేసి, మీటకి గంట తాడు కట్టి ఉంది. గుర్రం నిలబడి ఉంది. నరసింగరావు మెల్లగా దాన్ని దించాడు.

సాయంత్రం నాలుగింటి హౌరా బండి ఎక్కింది దేవమణి.

"వాళ్ల మనిషికి, అందరూ చూస్తుండగా కాలు అడ్డం పెట్టాను. ఇక వాళ్లు వదలరు. మీ ఆఫీసు నన్ను నమ్ముతుందా?"

అతను కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"గుర్రమంటే జట్కా అనుకుని ఉంటారు మీవాళ్లు."

"అనుకున్నారు."

"మీరు అనుకోరని తెలుసు. వాళ్ల కళ్లెదుట విప్పి రాయలేను, అందుకే అలా రాశాను." కిటికీ ఊచ మీద ఉన్న అతని చేతిని ఓసారి తాకింది. "మీ అసలు పేరేమిటి మాస్టారూ?"

అతను నోరు తెరిచాడు. మూడేళ్ల అలవాటు అడ్డం పడింది. బండి కదిలింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

"ప్లాట్‌ఫారం టిక్కెట్టు?" వెనక టికెట్ కలెక్టర్.

"లేదు."

"పేరు సెప్పండి, రాసుకోవాల."

చెప్పాడు. అమ్మ పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా.

టికెట్ కలెక్టర్ పెన్సిలు చెవి వెనక దోపుకుని అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇలాటి దొంగపేర్లు సానా యిన్నాను బాబూ. అసలుది సెప్పు."