పూలగుత్తిలో ఒక పిన్ని

ఆ శుక్రవారం మధ్యాహ్నం, కూతురి గౌను జేబులోంచి బయటపడ్డ ఒక చిన్న కార్డు ఆ ఇల్లాలి గుండెల్లో నిప్పులు పోసింది!

ఆమె పనే అలాంటిది. పదిహేనేళ్లుగా లాండ్రీ దుకాణంలో పనిచేస్తోంది. బట్ట నీళ్లలో పడేముందు జేబులు వెతకకపోతే ఆమెకు చెయ్యి ఆడదు. ఎవరి చొక్కా మీద ఏ మరక ఉందో చూసి, ఆ మనిషి ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పేయగలదు. వీధిలో అందరూ ఆమెను ‘ఇస్త్రీ అక్క’ అంటారు. ఆమె భర్త కుళాయిలు బాగుచేసే మేస్త్రీ. “ఆ ఇంట్లో ఒక మేస్త్రీ, ఒక ఇస్త్రీ, మధ్యలో ఒక చిలక!” అని సరదాగా నవ్వుకుంటారు. చిలక అంటే వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పదమూడేళ్లది. నిద్రలో తప్ప నోరు మూయని పిల్ల కాబట్టి ఆ ముద్దుపేరు వచ్చింది. కానీ ఆ చిలక నెలన్నరగా ఇంట్లో సరిగా పలకడం లేదు...

కార్డు చూడగానే ఆమె గుర్తుపట్టింది. తమ చర్చి గుళ్లో పిల్లల సంఘం వాళ్లు రాసే పూలగుత్తి కార్డు అది. జబ్బుపడ్డవాళ్ల కోసం పిల్లలు తాము చెప్పుకున్న ప్రార్థనలూ, చేసిన చిన్న చిన్న త్యాగాలూ వరుసగా రాసి, పువ్వులకు బదులుగా ఇస్తారు. చిన్నప్పుడు తనూ రాసింది. అందుకే ముసిముసిగా నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టింది.

‘పిన్ని కోసం. జపమాలలు, ఏడు. శనివారాలు, ఆరు. కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తినడం, మూడుసార్లు. అమ్మకు చెప్పకుండా ఉండడం (చాలా కష్టం), ఆరుసార్లు.’

నవ్వు పెదవుల మీదే గడ్డకట్టింది. పిన్నా! ఏ పిన్ని? మేస్త్రీకి తమ్ముళ్లు లేరు. తనకా... తనకు ఎవరూ లేరు! మరి ఈ పిల్లకు పిన్ని ఎక్కడినుంచి ఊడిపడింది? తల్లి బతికుండగానే తండ్రి చేరదీసిన ఆడదాన్ని కూడా పిల్లలు పిన్ని అనే పిలుస్తారు కదా! గబగబా గౌను తిప్పి చూసింది. ముంజేతి దగ్గర బట్ట అట్టకట్టి ఉంది. గోటితో గీకి వాసన చూసింది. మైదా జిగురు! కిందటి వారం మేస్త్రీ చొక్కా మోచేతి దగ్గర తను ఉతికి వదిలించింది కూడా సరిగ్గా ఇదే జిగురు! కుళాయి పనిలో మైదా జిగురెక్కడిది? తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకే బల్ల మీద మోచేతులు ఆనించారన్నమాట... తల్లీ మరియమ్మా! ఇదేం పరీక్షమ్మా నాకు?

పక్క దుకాణంలో గుండీలూ దారాలూ అమ్మే పెద్దావిడ సరిగ్గా అప్పుడే వచ్చి కూర్చుంది. అందరూ ఆమెను గుండీల అత్తయ్య అంటారు. మనసులో మాట దాచుకోలేక ఇస్త్రీ అక్క ఆ కార్డు చూపించింది.

“నీకు చెల్లెళ్లున్నారా అమ్మాయ్?”

“లేరత్తయ్యా. నేనొక్కదాన్నే.”

“ఉహూఁ...” అని అత్తయ్య కళ్లజోడు సర్దుకుంది. “నేనేమీ అనడం లేదు తల్లీ. నాకెందుకు? కానీ మీ ఆయన శనివారం శనివారం సంచి పట్టుకుని ఆ ప్రింటింగ్ ప్రెస్సు సందులోకి పోతుంటాడు. ఎన్ని వారాలైనా బాగుపడని కుళాయి ఏదై ఉంటుందా అని... ఊరికే అనుకున్నా. నేనైతే ఏమీ అనలేదు సుమా!”

అనడానికి ఇంకేం మిగిలింది?

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఆమె ఉండబట్టలేకపోయింది. “రేపు సంఘంలో ఏముందే చిలకా?” అని అడిగింది, కూర వడ్డిస్తూ, ఏమీ ఎరగనట్టు.

చిలక తండ్రి వైపు చూసింది. తండ్రి కంచంలోకి చూశాడు.

“పాటలమ్మా...” అంది పిల్ల.

“ఏ పాటలు?”

“గుళ్లో పాడే పాటలే.”

“పాటలు నేర్చుకోవడానికి జిగురెందుకే?”

పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మేస్త్రీ కంగారుగా నవ్వాడు. “ఇదేంటోయ్? మన గుడి విచారణా, పోలీసు విచారణా? పిల్లని తిననీ!”

ఎప్పుడూ నవ్వించే మాటే అది. వాళ్ల గుడి కిందికి వచ్చే కుటుంబాలన్నిటినీ కలిపి ‘విచారణ’ అనడం, దాని మీద మేస్త్రీ ఇలా హాస్యమాడడం ఆ ఇంట్లో మామూలే. కానీ ఆ రోజు ఆమెకు నవ్వు రాలేదు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ చూపు... ఆ ఒక్క చూపు ఆమె గుండెల్లో ముల్లులా దిగబడింది. పదిహేనేళ్ల కాపురంలో తనను బయట నిలబెట్టి వాళ్లిద్దరూ తలుపు వేసుకున్నట్టనిపించింది!

మర్నాడు భోజనాలవగానే తండ్రీ కూతుళ్లు బయల్దేరారు. పది నిమిషాలు ఆగి ఆమె నేరుగా గుడి పక్కన ఉన్న హాలుకు వెళ్లింది. లోపల ఒక మూల చిన్నపిల్లలు పాట నేర్చుకుంటున్నారు. ఇంకో మూల నాటకం నడుస్తోంది. తప్పిపోయిన గొర్రెగా వేషం కట్టిన బుడతడు తోక ఊడిపోయిందని ఏడుస్తున్నాడు. వాడి తోకకు పిన్నీసు పెడుతున్న పాటలు నేర్పే సిస్టర్ దగ్గరికి వెళ్లి ఆమె నిలబడింది. సంఘం అంతా ఆ సిస్టర్ చేతుల మీదే నడుస్తుంది.

“మా అమ్మాయి ఏది సిస్టర్?”

“చిలకా? తను సందర్శన జట్టులో ఉంది కదమ్మా! మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు పెద్దవాళ్లు తోడుగా వెళ్లే జట్టు. నాన్నగారితో వెళ్లింది.”

“ఎవరింటికి? నాకు తెలియకుండా మా పిల్లని ఎవరింటికి పంపుతున్నారు?” ఆమె గొంతు హాలంతా వినిపించింది. పాట ఆగిపోయింది. “పిల్లల చేత తల్లి దగ్గర దాపరికం చేయించడం మీ ఉపదేశ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉంది సిస్టర్?”

సిస్టర్ ముఖం వాడిపోయింది. బీరువాలోంచి ఒక అనుమతి పత్రం తీసి చేతికిచ్చింది. కింద మేస్త్రీ సంతకం. ‘ఎవరిని చూడ్డానికి వెళ్తున్నారో వారు పిల్లకు ఏమవుతారు?’ అన్న చోట ఆయన గుండ్రటి రాతలో, ‘పిన్ని’!

“మీకు తెలుసనుకున్నానమ్మా... దాచమని మేం చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకుని తిరగొద్దని మాత్రం తరగతిలో చెప్పాను. పసిపిల్లలకు అదీ ఇదీ ఒకటే అనిపిస్తుందేమో, నేను ఆలోచించలేదు. అమ్మ దగ్గర రహస్యం ఉండకూడదని విడమరిచి చెప్పాల్సింది. తప్పు నాదే.”

ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి గానీ మనసుకు ఎక్కలేదు. పత్రం మీద ఉన్న చిరునామా ఒక్కటే కళ్ల ముందు ఆడుతోంది. దేవుడి పేరు మీద పెట్టిన కాగితంలోనే ఆయన అంత ధైర్యంగా రాశాడా! సిగ్గు లేకపోయిందా! కళ్లు తుడుచుకుంటూ, ఎదురొచ్చిన సైకిలును కూడా చూసుకోకుండా, ప్రెస్సు సందులోకి నడిచింది.

మేడ మీద మూడో గది. గుమ్మం ముందు చిలక చెప్పులు. వాటి పక్కనే మేస్త్రీ చెప్పులు, పనిముట్ల సంచి... తన ఇంటి గుమ్మంలో ఎలా ఉంటాయో అలాగే, ఆ ఇల్లూ తమదే అన్నంత నిదానంగా! లోపలినుంచి కూతురి గొంతు వినిపించింది.

“...అప్పుడేమైందో తెలుసా పిన్నీ? కాపరి పాపం స్టేజీ అంతా గొర్రె కోసం వెతుకుతున్నాడు. గొర్రేమో తెర వెనక నిద్రపోయింది! గురక వినిపించి పట్టుకున్నారు!”

ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వింది. నెలన్నరగా తన ఇంట్లో వినిపించని కబుర్లు! తన చిలక పలుకులన్నీ ఇక్కడ, ఇంకో ఆడదాని ఒళ్లో రాలుతున్నాయి! భర్తను పంచుకున్నా భరించేదేమో గానీ... ఇది భరించలేకపోయింది. తలుపు తోసేసింది.

కిటికీ పక్కన మంచం మీద ఒకామె కుడికాలికి పిండికట్టుతో కూర్చుని ఉంది. చుట్టూ అట్టలు ఊడిన పాటల పుస్తకాలు. జిగురంటిన చేతిలో సూదీ దారం. బల్ల మీద జిగురు గిన్నె, దాని ముందు చిలక. మంచం మీదామె తలెత్తింది. “ఎవత్తివే నువ్వు?” అని అరవబోయిన ఇస్త్రీ అక్క నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

“అక్కా...” అంది ఆ మంచం మీది మనిషి.

చెల్లెలు! తన సొంత చెల్లెలు!

పన్నెండేళ్లయింది. చిలక అప్పటికి ఏడాది పిల్ల. సిస్టర్ కావాలని మఠంలో చేరి, జీవితాంతం అక్కడే ఉంటానని ఇచ్చే చివరి మాటపట్టుకు ఇంకా నెల రోజులుందనగా అన్నీ వదిలేసి, రేకు పెట్టెతో అక్క గుమ్మంలో వచ్చి నిలబడింది ఈ చెల్లెలు. విచారణలో ఇక తలెత్తుకు తిరగగలమా అని అక్క మండిపడింది. “ఎవడు వాడు? వాడి పేరు చెప్పు!” అని వీధంతా వినేలా నిలదీసింది. చెల్లెలు ఏ పేరూ చెప్పలేదు. తలుపు మూసుకుపోయింది. ఆనాటినుంచీ ఎవరడిగినా, ‘నాకు చెల్లెలు లేదు’. ఆ మాట అని అని, తనే నిజమని నమ్మేసింది. ఎంతగానంటే... ‘పిన్ని’ అన్న మాట కంటబడితే కట్టుకున్నవాణ్ని శంకించింది గానీ, తన తోడబుట్టినది ఒకతె ఈ లోకంలో ఉందన్న తలపే రాలేదు!

స్నానాల గదిలోంచి మేస్త్రీ తడిచేతులతో బయటికొచ్చి భార్యను చూసి నిలువునా బిగుసుకుపోయాడు.

“నువ్వు... ఎలా వచ్చావు?”

“నడిచే వచ్చాను,” అందామె పీలగా. “మీరు ఏ ఆడదాన్నో ఉంచుకున్నారనుకుని వచ్చాను.”

“నేనా?” మేస్త్రీ తనను తాను కిందినుంచి పైదాకా చూసుకున్నాడు. “ఈ మొహానికా?”

చిలక కిసుక్కున నవ్వి, అంతలోనే అమ్మ ముఖం చూసి నోరు మూసుకుంది.

“కుళాయి పనికని పిలిస్తే వచ్చాను. తీరా చూస్తే మన చిన్నది,” అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. “మెట్ల మీద పడి కాలు విరిగింది. చూసేవాళ్లు లేరు. నీతో చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! ‘దాని పేరెత్తితే నేనీ ఇంట్లో ఉండను’ అన్నావు కదా ఒకప్పుడు... భయపడ్డాను. పిల్లకైనా పిన్నిని చూపిద్దామని సంఘం పేరు చెప్పి తెచ్చాను. దాని చేత అబద్ధమాడించాను. తప్పే.”

ఇస్త్రీ అక్క గోడకు చేరగిలబడింది. “ఎందుకే వచ్చేశావు ఆనాడు?” అని అడిగింది చెల్లెల్ని. పన్నెండేళ్ల క్రితం అడగాల్సిన మాట.

చెల్లెలు సూది పక్కన పెట్టింది. “పెద్ద కారణమేం లేదక్కా. నాకు అక్కడ ప్రార్థన కుదరలేదు. అందరితో కలిసి మోకరిల్లేదాన్ని, లోపల మాత్రం ఎండిపోయినట్టుండేది. అబద్ధపు మాటపట్టు ఇవ్వలేక వచ్చేశాను. అది చెబుదామనే నీ దగ్గరికి వచ్చాను. నువ్వు ‘ఎవడు’ అని అడిగావు...” ఆమె గదంతా చేత్తో చూపింది. “ఈ గదిలో ఎక్కడైనా ఉన్నాడేమో చూసుకో అక్కా! అప్పుడూ ఎవరూ లేరు. ఇప్పుడూ లేరు.”

ఆ మాటకు ఇస్త్రీ అక్క కుప్పకూలింది. ఎంత మరకనైనా వెలుగులో పెట్టి చూసే తను, తోబుట్టువు మీద లేని మరక చూసింది! మఠంలోకి పిలిచిన దేవుడే బయటికి కూడా నడిపించి ఉండొచ్చని ఒక్కనాడైనా ఎందుకు అనుకోలేదు? పిలుపు ఒక్క దిక్కునుంచే వస్తుందని తనకెవరు చెప్పారు? చెల్లెలి పిండికట్టు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. “నన్ను మన్నించవే... మన్నించవే...”

“లే అక్కా,” అంది చెల్లెలు. చెయ్యి అక్క తలదాకా వచ్చి, గాలిలో ఆగింది. “నాకూ కోపముంది. వెంటనే పోదు. ఇప్పుడే పోయిందని అబద్ధం చెప్పలేను.”

“చెప్పొద్దు. ఉండనీ. నేను రోజూ వస్తాను. రోజూ కోప్పడు.”

చిలక అందరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఇంక ఏం చెయ్యాలో తోచక, జట్టులో నేర్పినదే చేసింది. “టైమైంది. పరలోక జపం చెప్పి ముగించాలి,” అని చేతులు జోడించింది.

నలుగురూ మొదలుపెట్టారు. మేస్త్రీ బొంగురు గొంతు, పిల్ల సన్న గొంతు, ఇద్దరు అక్కచెల్లెళ్ల ఒకే పోలిక గొంతులు. ఇతరుల తప్పులు మేం మన్నించినట్టే మమ్మల్నీ మన్నించమనే మాట దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీ అక్క గొంతు ఆగిపోయింది. అదే చోట చెల్లెలి గొంతూ ఆగిపోయింది. తండ్రీ కూతుళ్లు రెండు మాటలు ముందుకెళ్లి, వెనక ఎవరూ లేరని గమనించి ఆగారు.

“అమ్మా! మధ్యలో మింగేశారు ఇద్దరూ!” అంది చిలక, సిస్టరంత పెద్దరికంగా. “ఒక్క ముక్క వదిలేసినా సరే, మళ్లీ మొదటినుంచి చెప్పాలి. అది మా జట్టు రూలు.”

అక్క చెల్లెలి వైపు చూసింది. గాలిలో ఆగిపోయిన ఆ జిగురు చెయ్యి మెల్లగా దిగి, అక్క జుట్టు మీద నిలిచింది.

“మొదటినుంచే చెబుదాం,” అంది చెల్లెలు.