పంపు షెడ్డు వెనక వేసిన మూట

మా వీధి చివర పంపు షెడ్డు వెనక ఖాళీ స్థలం ఉంది చూశారూ, చీకటి పడ్డాక గాలి కూడా అటు పోకుండా చుట్టు తిరిగి పోతుంది. అది వీధి మొత్తానిది. మొత్తానిదంటే ఎవరిదీ కాదని మనవాళ్ల లెక్క కదా, అందరిళ్లలో చెత్తా అక్కడికే చేరి మేడంత గుట్టయింది.

ఉన్నట్టుండి ఒక వింత మొదలైంది. రాత్రి అక్కడ పారేసిన మూట... తెల్లారేసరికి పారేసినవాళ్ల గుమ్మంలో ఉండేది.

మా చెల్లెలి మొగుడు దర్జీ, వీధి కమిటీకి పెద్ద. షెడ్డు గోడ మీద "ఇక్కడ చెత్త వేయరాదు" అని ఎర్రరంగుతో రాసింది ఆయనే. ఒక్కో అక్షరం నా అంత ఉంటుంది. కానీ తెల్లవారుజామున చెత్తబండి వచ్చే వేళకి ఆయనకి మెలకువ రాదు. ఒక రాత్రి దున్నపోతంత గుడ్డపీలికల మూట దుప్పట్లో దాచుకుని బయల్దేరాడు. ఎవరి కంటైనా పడితే కమిటీ పెద్దరికం గోవిందా.

మూట వదిలాడు. నాలుగడుగులు వేశాడు.

వెనక ముడి విప్పిన చప్పుడు... కాగితం గరగర... ఆ తర్వాత గుసగుస —

"రెండో సందు... మూడో ఇల్లు... మేడమెట్ల కింద..."

అది ఆయన ఇల్లే, మెట్ల కింద ఆయన దర్జీ కొట్టే.

పరుగో పరుగు. ఊరు మూడుసార్లు చుట్టి ఇల్లు చేరాడని నేనంటాను, ఆయన ఒప్పుకోడు. ఒక చెప్పు మాత్రం అక్కడే ఊడిపోయింది.

తెల్లారి గుమ్మంలో మూట. దాని మీద బుద్ధిగా చెప్పు. ముందు చూసింది మా చెల్లెలే.

"పెద్దగారూ, మీకేదో వచ్చింది," అంది.

ఆయన నేరుగా నా దగ్గరికొచ్చాడు. "వదినా, దానికి నా అడ్రసు తెలుసు."

ఆ రాత్రే చీపురు పుచ్చుకుని వెళ్లాను. చూద్దును కదా — రిటైరైన పోస్టుమ్యాన్. టార్చి చంకలో ఇరికించుకుని, మూటల్లో చీటీలు ఏరి చదువుతున్నాడు.

"నలభై ఏళ్లు ఉత్తరాలు పంచానక్కా. దారి తప్పింది కనబడితే, చేర్చందే నిద్ర పట్టదు. మీ మరిది మూటలో కొలతల చీటీ ఉంది, దాని మీద కొట్టు అడ్రసు."

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. వీధంతా నమ్మిన దెయ్యం పుణ్యమా అని గుట్ట కరిగింది, పిల్లలు ఆడుకుంటున్నారు. మా మరిది చెత్తబండి కంటే ముందే వీధిలో నిలబడుతున్నాడు.

ఇంకొకటి దాచాను. మొన్నొకనాడు మోకాళ్ల నొప్పితో బండి అందక, నేనూ ఒక చిన్న మూట అక్కడ వేసొచ్చాను. గుట్టు తెలిసినదాన్ని కదా, కాగితం ముక్క లేకుండా చూసుకున్నాను. అన్నీ చిక్కుడు ఈనెలే.

తెల్లారి నా గుమ్మంలో ఉంది.

"నాదని ఎలా పట్టావు తమ్ముడూ?" అనడిగాను.

పోస్టుమ్యాన్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"అడ్రసు లేనివి నేను ముట్టుకోనక్కా..." గొంతు తగ్గించాడు. "వాటిని ఎవరు చేరుస్తున్నారో తెలుసుకుందామనే, రోజూ రాత్రి అక్కడ అంతసేపు కూర్చుంటున్నాను."