గురువారం మధ్యాహ్నం దగ్గు మందు

సోమవారం పొద్దున్న ఎనిమిదీ నలభైకి, ఆల్డ్‌మార్ష్‌లోని పెలికన్ హోటల్ భోజనాల గదిలో, కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్న మిస్టర్ బ్రెయిన్ చేపలో ముళ్ళు తీస్తూ తీస్తూ తల పళ్ళెంలో పెట్టేశాడు.

ఎవరూ కేక వెయ్యలేదు. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర కేకలు వెయ్యడం ఆ దేశంలో మర్యాద కాదు. పక్క టేబుల్ పెద్దావిడ టోస్టుకి వెన్న రాయడం ఆపి, "పాపం, ఈయనకి ఒంట్లో బాగున్నట్టు లేదు" అంది. హోటల్ వాళ్ళు వచ్చి మనిషిని మోసుకెళ్ళారు, టేబుల్ మీద గుడ్డ మార్చారు, కొత్త ఫోర్కు పెట్టారు. డాక్టర్ గుండె ఆగిపోయిందన్నాడు. అది నిజమే. ఎందుకు ఆగిపోయిందో మాత్రం మర్నాడు లండన్‌లో శవాన్ని బోర్లా తిప్పినప్పుడు తెలిసింది. మెడ వెనక, జుట్టు అంచున, సూది గుచ్చిన మచ్చ ఉంది.

"బ్రెయిన్ మన మనిషి" అన్నాడు కమాండర్ బెల్లిస్. "ఇరవై ఏళ్ళ సర్వీసు. వీపు వెనక ఎవరు నిలబడ్డారో చూసుకోలేకపోయాడు. రేపట్నుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చోవాలి."

సీక్రెట్ ఏజెంట్ హ్యూ గార్లండ్ మొహం బిగుసుకుంది. శాఖలో అతను ధైర్యస్తుడని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో అతనికే తెలీదు. భయమేస్తే మొహం బిగుసుకుపోయే జబ్బు అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. చూసేవాళ్ళు దాన్నే గుండెదిటవు అనుకునేవారు.

"కాపలా ఎవరికి సార్?"

"హోబ్డే అనే ముసలాయనకి. అసలు పేరు నీకనవసరం. అవతలి దేశపు గూఢచారి శాఖలో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన గుమాస్తా. మన శాఖలో ఉండి వాళ్ళకి పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు ఆయన తలకాయలో ఉన్నాయి. కాగితం మీద పెట్టడు. మంత్రిగారి చెవిలో తప్ప చెప్పడు. మంత్రిగారు శుక్రవారం పొద్దున్న విమానం దిగుతారు."

"అప్పటిదాకా లండన్‌లోనే దాచొచ్చు కదా?"

"దాచొచ్చు. తాళాలు ఆ పదకొండు మందిలో ఎవడి చేతికివ్వమంటావ్?"

కమాండర్ సొరుగులోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్టోబరులో పెలికన్ హోటల్ నిండా ముసలివాళ్ళే. రెండు రాత్రులు, మూడు పగళ్ళు, భోజనాలతో కలిపి చౌక బేరం. ముసలాయన వాళ్ళలో కలిసిపోతాడు. నువ్వు పెళ్ళాంతో సముద్రపు గాలికి వచ్చావు. ఇది వినికిడి యంత్రంలా ఉంటుంది, నిజానికి రేడియో, దీని జత నీ పెళ్ళాం చెవిలో ఉంటుంది. ఇది పెన్నులా ఉంటుంది, లోపల ఒకే ఒక్క తూటా. గురి తప్పితే దాంతోనే వీలునామా రాసుకో."

"పెళ్ళాం ఎవరు సార్?"

తలుపు తెరుచుకుని రోజలిండ్ టేట్ వచ్చింది. ముప్పై రెండేళ్ళు, పచ్చ కోటు, కమాండర్ బెల్లిస్ అంతటివాడు కూడా టై సర్దుకునే నవ్వు. శాఖలో చేరి నాలుగేళ్ళు. ఆమె ఫైల్లో ఒక్క మరక లేదు.

"ఏవండీ, పెట్టె సర్దమంటారా?" అంది హ్యూని చూసి.

బుధవారం సాయంత్రానికి ఇద్దరూ పెలికన్‌లో దిగారు. నాలుగొందల ఏళ్ళ నాటి హోటల్. ఎక్కడ అడుగేసినా నేల కిర్రుమంటుంది. మామూలు రోజుల్లో అది ముచ్చటే. కానీ ఎవరో చంపడానికి వస్తున్నారని తెలిసిన మనిషికి ప్రతి కిర్రూ గుండెలో దిగుతుంది.

హోబ్డే లాంజ్‌లో నిప్పు పక్కన కూర్చుని దగ్గుతున్నాడు. బక్కపలచని మనిషి, మోకాళ్ళ మీద దుప్పటి.

"సముద్రం ఇవాళ చాలా దూరం పోయిందే" అన్నాడు హ్యూ.

"డిన్నర్ టైముకి వచ్చేస్తుంది లెండి" అన్నాడు ముసలాయన. అదీ కోడ్. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వూ చేప ఆర్డర్ చెయ్యకు బాబూ" అన్నాడు.

భోజనం దగ్గర హ్యూ వీపు గోడకి ఆనించి కూర్చున్నాడు. గదిలో ఇరవై మూడు తలలు, అన్నీ నెరిసినవే. వాళ్ళలో తొమ్మిది మంది ఆడవాళ్ళ ఒళ్ళో అల్లిక సంచులున్నాయి. ప్రతి సంచిలో రెండేసి సూదులు. పద్దెనిమిది సూదులని అతను లెక్కపెట్టి, లెక్కపెట్టినందుకు తనని తాను తిట్టుకున్నాడు.

పక్క టేబుల్ మిసెస్ ఓక్‌షాట్ ఏడాదికి నాలుగుసార్లు ఇక్కడికి వచ్చే విధవావిడ. కొత్తవాళ్ళు కనిపిస్తే వదలదు.

"ఏ ఊరమ్మా మీది?" అంది రోజలిండ్‌ని.

"ష్రాప్‌షైర్ అండీ. చిన్న సంత ఊరు. నాన్నకి సెంటర్లో బట్టల కొట్టు ఉండేది."

"అయ్యో, మా మేనమామదీ బట్టల కొట్టే! కష్టపు బతుకు."

"కష్టమంటే మామూలు కష్టం కాదు. ఆరు రోజులూ తెల్లారింది మొదలు చీకటి పడేదాకా కొట్లోనే. ఆదివారం తప్ప నాన్న మొహం చూసి ఎరగం."

మిసెస్ ఓక్‌షాట్ ఏదో అనబోయి, పుడ్డింగ్ రావడంతో ఊరుకుంది. హ్యూ మాత్రం భేష్ అనుకున్నాడు. అబద్ధమాడితే ఇలా ఆడాలి, కళ్ళలో తడితో సహా. ఒకవేళ అది నిజమేనేమో అనిపించి అతనికి ఆమె మీద కాస్త ఇష్టం కూడా కలిగింది.

గురువారం తెల్లారింది. హోబ్డే బతికే ఉన్నాడు. ఇంకొక్క రోజు.

మధ్యాహ్నం భోజనమయ్యాక దగ్గు ముదిరింది. దగ్గీ దగ్గీ ముసలాయన మొహం నల్లబడింది.

"ఇలా అయితే రేపు మంత్రిగారి చెవిలో దగ్గడం తప్ప ఏం చెప్పలేరు. మందుల షాపుకి నేను వెళ్ళొస్తా. మీరు ఈయన్ని వదలొద్దు" అని రోజలిండ్ గొడుగు తీసుకుని వెళ్ళింది. అరగంటలో తెల్లకాగితం చుట్టిన సీసాతో తిరిగొచ్చింది. సెంటర్లో షాపు, మీసాలాయన, పుదీనా వాసన మందు, టీకి ముందు రెండు చెంచాలు. అన్నీ చెప్పింది.

హోబ్డే సీసా వంక అనుమానంగా చూశాడు. బ్రెయిన్ పోయినప్పటి నుంచి ఆయన ఎవరి చేతి మంచినీళ్ళూ ముట్టడం లేదు.

"నువ్విస్తే తాగుతా" అన్నాడు హ్యూతో. "ఈ ఊళ్ళో నాకన్నా ఎక్కువ భయపడుతున్నవాడివి నువ్వొక్కడివే. అందుకే నీ మీద నమ్మకం."

హ్యూ సీసా అందుకుని తన చేత్తో ముసలాయన చేతిలో పెట్టాడు. "నాలుగింటికి టీ గంట కొడతారు. అప్పుడు తాగండి."

"మీరు నిన్నట్నుంచీ గుమ్మం దాటలేదు" అంది రోజలిండ్ మెల్లిగా. "పైపులో పొగాకు కూడా అయిపోయింది. ఓ పది నిమిషాలు తిరిగి రండి. నేనున్నా కదా."

హ్యూకి ఆ మాట బాగానే ఉందనిపించింది. బయటికొచ్చాడు. గాలిలో ఉప్పు, చినుకులు. వాలు దిగి సెంటర్‌కి వచ్చేసరికి మూడూ నలభై.

పొగాకు షాపు మూసి ఉంది. పక్కన రొట్టెల షాపూ మూసి ఉంది. చెప్పుల షాపు, మాంసం కొట్టు, ఇనప సామాన్ల కొట్టు, అన్నిటికీ తెరలు దించి ఉన్నాయి. చౌరస్తాలో మనిషన్నవాడు లేడు. బెంచీ మీద ఒక్క ముసలాయన మాత్రం కుక్కని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. హ్యూ నాలుగు వైపులా చూశాడు. ఊరిని ఖాళీ చేయించారా? ఎవరు?

"ఏమైందండీ ఇక్కడ?"

"ఏమవుతుంది బాబూ?"

"షాపులన్నీ..."

"గురువారం కదా! పూటసెలవు. ఒంటిగంటకి అందరూ తలుపులేసుకుని పోతారు. తమరిది లండనా?" ముసలాయన జాలిగా చూశాడు. "శనివారం సంత రోజు, మరి అందరూ సందేళ దాకా నిలబడొద్దూ? దానికి బదులు ఈ పూట. ఏ సంత ఊరైనా ఇంతే, కాకపోతే ఊరికో రోజు. నేను చెప్పుల కొట్టువాడి కొడుకుని. మాకు చిన్నప్పుడు ఆ పూటే పండగ. మా నాన్న చేపలు పట్టడానికి తీసుకెళ్ళేవాడు."

"ఒక్క షాపు కూడా ఉండదా?"

"తాళం తీసి ఉన్నవి చర్చి, శ్మశానం. రెంటిలో ఏది కావాలో చూసుకో."

హ్యూ విసుక్కుని వెనక్కి తిరిగాడు. ఎదురుగా మందుల షాపు. తలుపుకి తాళం. అద్దం మీద అట్ట: గురువారం ఒంటిగంట వరకు.

రెండడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి.

రోజలిండ్ మందు తెచ్చింది రెండున్నరకి. ఈ షాపు నుంచే. ఆ మీసాలాయన దగ్గర్నుంచే.

బట్టల కొట్టువాడి కూతురు. ఆదివారం తప్ప నాన్న మొహం ఎరగని కూతురు. కొట్టువాడి పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఎదురుచూసే ఆ ఒక్క పూట సంగతి ఆమెకి తెలీదు. ఎందుకంటే ఆ ఊరూ లేదు, ఆ కొట్టూ లేదు, ఆ నాన్నా లేడు. అవతలి దేశంలో ఎవరో ఆమెకి ఇంగ్లీషు నేర్పారు, నవ్వు నేర్పారు, పూటసెలవు నేర్పడం మర్చిపోయారు.

ఆ సీసాని హోబ్డే చేతిలో పెట్టింది తనే.

మూడూ యాభై రెండు. రేడియో తీశాడు. తీసి, దాని వంక పిచ్చివాడిలా చూశాడు. ఆ రేడియోకి రెండో కొస రోజలిండ్ చెవిలో ఉంది.

పరిగెత్తాడు. వాలు దిగేటప్పుడు చిన్నదే, ఎక్కేటప్పుడు కొండ. వాన మొదలైంది. బూట్లు రాళ్ళ మీద జారుతున్నాయి. ఒకసారి మోకాలి మీద పడ్డాడు, లేచాడు. దేవుణ్ణి తలుచుకుందామంటే నోట్లోకి ఒకే మాట వస్తోంది: తాగకు, తాగకు, తాగకు. హోటల్ మలుపు తిరుగుతుండగా చర్చి గడియారం నాలుగు కొట్టడం మొదలెట్టింది. ఒకటి. రెండు. లోపల టీ గంట కూడా మోగింది.

లాంజ్ తలుపు తోశాడు. నిప్పు పక్కన హోబ్డే చెంచా నిండా మందు పోసుకుని నోటి దగ్గరికి తెస్తున్నాడు. పక్కనే రోజలిండ్ సీసా మూత బిగిస్తోంది.

"తాగొద్దు!"

నాలుగొందల ఏళ్ళలో ఆ గదిలో ఎవరూ అంత గట్టిగా అరిచి ఉండరు. ఇరవై మూడు తలలు తిరిగాయి. ఎవరి చేతిలోంచో కేకు ముక్క జారింది. చెంచా హోబ్డే పెదవికి అంగుళం దూరంలో ఆగింది.

"ఏంటండీ అది, నలుగురిలో?" అంది రోజలిండ్ నవ్వుతూ. కానీ ఆమె కుడి చెయ్యి ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. బ్యాగు మూతి ముసలాయన పక్కటెముకల వైపు తిరిగింది. "రండి, కూర్చోండి. టీ చల్లారిపోతోంది."

హ్యూ వెళ్ళి కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు? పెన్ను కోటు జేబులో ఉంది. చెయ్యి అటు కదిలితే ముసలాయన ఉండడు.

"నేనూ మిస్టర్ హోబ్డే అలా రేవుదాకా నడిచొస్తాం" అంది ఆమె, పెదవులు కదలకుండా. "అక్కడ పడవ ఉంది. మీరు ఈ కేకు పూర్తి చెయ్యండి. అందరూ బతుకుతారు."

హ్యూ కేకు పళ్ళెం పక్కకి నెట్టాడు. ఆ తర్వాత పెద్దగా, అందరికీ వినబడేలా అన్నాడు: "ఈ మందు ఎక్కడ కొన్నావు?"

"సెంటర్లోనే. చెప్పాగా."

"ఇవాళ మధ్యాహ్నమా?"

"అవును, మధ్యాహ్నమే."

"కుదరదమ్మా" అంది పక్క టేబుల్ నుంచి మిసెస్ ఓక్‌షాట్. "ఇవాళ గురువారం."

"నేను కొన్నానండీ..."

"ఎలా కొంటావ్? పూటసెలవైతే!" అంది ఇంకో ఆవిడ.

"మా ఆయన పోయిన రోజు కూడా గురువారమే. ఆస్ప్రిన్ బిళ్ళ దొరకలేదు" అంది మూడో ఆవిడ.

"బట్టల కొట్టువాడి కూతురివన్నావు?" మిసెస్ ఓక్‌షాట్ కళ్ళజోడు సర్దుకుంది. "నిన్న రాత్రే అడుగుదామనుకున్నా. ఆదివారం తప్ప నాన్న ఇంట్లో ఉండకపోవడమేమిటి? మీ ఊళ్ళో పూటసెలవు ఏ రోజే?"

ఇరవై మూడు మంది జవాబు కోసం చూస్తున్నారు. రోజలిండ్ టేట్ నాలుగేళ్ళలో పోలీసులని మోసం చేసింది, కమాండర్లని మోసం చేసింది. ఆ చిన్న ప్రశ్నకి మాత్రం నోరు తెరిచి మూసింది. ఒక్క క్షణం ఆమె చూపు ఆ ముసలావిడ వైపు తిరిగింది.

హ్యూ పెన్ను జోలికి పోలేదు. ఎదురుగా ఉన్న టీ కెటిల్ ఎత్తి, సలసలా కాగుతున్న టీ మొత్తం హ్యాండ్‌బ్యాగు మీద కుమ్మరించాడు. ఆమె కెవ్వుమంది. బ్యాగులోంచి పేలిన తూటా నిప్పుగూట్లో ఇటుకకి తగిలింది. అతను ఆమె చెయ్యి మీద పడి, పట్టుకుని, పోలీసులు వచ్చేదాకా వదల్లేదు. వాళ్ళు వచ్చాక కూడా వేళ్ళు విడిపించడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఆమె పెట్టెలో తెల్లవిగ్గు, మందపాటి కళ్ళజోడు దొరికాయి. సోమవారం బ్రెయిన్ పక్క టేబుల్ దగ్గర టోస్టు తిని, బ్రేక్‌ఫాస్ట్ కాగానే గది ఖాళీ చేసి వెళ్ళిన పెద్దావిడవి అవి.

హ్యూ తడి బట్టలతోనే ఒక మూల కూర్చున్నాడు. హోబ్డే వచ్చి తన దుప్పటి అతనికి కప్పాడు.

"నాకు పేర్లే తెలుసు, మొహాలు తెలీవు" అన్నాడు. "ఆ అమ్మాయికి మీ శాఖలో పేరేమిటి?"

"రోజలిండ్ టేట్."

ముసలాయన వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "అయితే మంత్రిగారికి చెప్పాల్సింది ఇంక పది."

"మిమ్మల్ని ఇప్పుడే లండన్ తీసుకెళ్ళమన్నారు సార్. కారు వస్తోంది."

"లండన్‌కా!" ముసలాయన దగ్గి, తల అడ్డంగా ఊపాడు. "అక్కడ ఏడు రోజులూ షాపులు తెరిచే ఉంటాయట. నన్ను తెల్లారేదాకా ఇక్కడే ఉంచు నాయనా. విషం తెచ్చినవాణ్ణి కూడా, ఏ షాపులో కొన్నావని పదిమందీ నిలదీసే ఊరు ఇది."