కాంపౌండర్ రిజిస్టర్‌లో లేని పేజీ

రిజిస్టర్‌లో నలభై ఏడో పేజీని ఎవరో బ్లేడుతో కోసేశారు!

ఏజెంట్ నేత్ర కోతను వేలితో తడిమింది. తాజాది. గడియారం రెండున్నర చూపిస్తోంది. మూడింటికి వీడియోలో పేటెంట్ విచారణ.

పేజీ పోయిందని ఫోన్‌లో చీఫ్ అంబరీష్‌కి కోడ్‌లో చెప్పింది. "బావి ఎండింది సార్."

అవతల ఆయన విసుక్కున్నాడు. "నోటిమాట చెల్లదు నేత్రా. కాగితం కావాలి."

కుంకుడు రసం, రాగుల తవుడు, బంకమన్ను కలిపి ఒళ్లు శుభ్రం చేసుకునే ముద్ద తమ ఆవిష్కరణేనని ఒక విదేశీ ముఠా పేటెంట్‌కి దిగింది. విడివిడిగా అన్నీ పాతవే, కలపాలని మాత్రం ఎవరికీ తట్టలేదన్నది వాళ్ల వాదన. అది నెగ్గితే, అదే ముద్దతో ఆవని ఊళ్లో సొన్నమ్మ నడిపే సబ్బుల యూనిట్‌కి తాళం. నలభైమంది ఆడవాళ్లు వీధిన పడతారు. ముందే ఒకరు కలిపారనడానికి లోకంలో ఒక్కటే రుజువు: కేజీఎఫ్ బంగారు గని ఆస్పత్రి కాంపౌండర్ పురుషోత్తమ్ 1986లో రాసుకున్న ఆ పేజీ. ఫొటో కూడా తీయనివ్వలేదాయన. విచారణ రోజే వచ్చి తీసుకోమన్నాడు.

పురుషోత్తమ్ ఇంటి గేటు దగ్గర నల్లకళ్లద్దాలు మెరిశాయి. మధుర! నిన్నటిదాకా నేత్ర ఆఫీసులోనే జీతం, ముఠా దగ్గర గీతం. ఇప్పుడు డాక్యుమెంటరీ డైరెక్టర్ వేషం.

నేత్ర ఆమె చెయ్యి మెలితిప్పి సంచి కుమ్మరించింది. లిప్‌స్టిక్ కెమెరా, పెన్ స్కానర్. పేజీ లేదు.

మధుర పకపకా నవ్వింది. "నేనూ దానికోసమే వచ్చినా. యాడ దాచినావే?"

అరుగు మీద సొన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇంగ మా బతుకు ఇంతేనా అమ్మా?"

రెండు యాభై. నేత్ర చూపు గోడ అద్దం దగ్గర ఆగింది. గడ్డం గీసుకునే రేజర్ విప్పి ఉంది. అందులో బ్లేడు లేదు. ఆమె మెల్లగా పురుషోత్తమ్ వైపు తిరిగింది.

ఎనభై రెండేళ్ల ముసలాయన తల దించలేదు.

"నేనే కోసినానమ్మా. పొద్దున పొయ్యిలో ఏసినాను. నిన్న నువ్వు విచారణకని సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం మూడుసార్లు చదివినాను. ఇందులో కొత్తేమీ లేదు, ఎవరికైనా తట్టేదే అని రాసినావు. ఆ సైనైడ్ దిబ్బల దుమ్ముకి జనం చేతులు పుండ్లు పడుతుండె. మన్ను ఎక్కువైతే చర్మం పగులు, కుంకుడు ఎక్కువైతే మంట. ముందు నా చేతికే పూసి చూసుకుంటిని. పదకొండేండ్లు! సొన్నమ్మ పొట్ట కొట్టినాను, నాకు తెలుసు. కానీ ఆ దొంగనాయాళ్లైనా అది గొప్పదంటా ఉండారు. నువ్వు ఏమీ కాదంటివి. ఎవరికైనా తట్టేదైతే, నాకంటే ముందు ఒక్కరికీ ఎందుకు తట్టలేదమ్మా?"